పచ్చడబ్బా సాక్ష్యము

మనవారిలో మాట త్వరగా ప్రాకును. బరంపురములో సాయంకాలము మన సంఘమందిరమున కూర్చుండి ఒకరు చెప్పిన సంగతి, మఱునాటి యుదయమునకు నాలుగు వీధుల తెలుగు ఇండ్లకును చేరును. 2023 నవంబరులో నేనట్టి మాట యొకటి చెప్పితిని. ఫలానా మెకానిక్కు నా కారులో నాసిరకపు కూలెంటు పోసి ఇంజనును పాడుచేసినాడని నలుగురి యెదుట అంటిని. అది అసత్యము. ఆ మాట విని ఇద్దరు ముగ్గురు తమ వాహనములను అతని కొట్టునకు తీసికొనిపోవుట మానిరి. చెప్పిన చోటనే దిద్దుకొనుట న్యాయము గనుక, మన సంఘపు ఈ సంచికలో ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. ఆ ద్రవమును గూర్చి నేను ఆలస్యముగా నేర్చుకొన్నది కూడ చెప్పినచో, కారుగల మన కుటుంబములకు కొంత ఉపయోగపడునని నా ఆశ.

నా చిన్నతనమున మా మేనమామగారికి ఒక అంబాసిడరు కారుండెడిది. దాని రేడియేటరుకు నీరే ఆహారము. గోపాల్‌పూరు పోయినను, ఛత్రపురము పోయినను వెనుకసీటు క్రింద ఒక నీళ్లడబ్బా తప్పక ఉండెడిది. దారిలో బావి కనబడినచో నింపుకొనెడివారు. రాగి, ఇత్తడితో చేసిన రేడియేటరు, పోత ఇనుప ఇంజను గనుక అవి ఆ మోటుసేవను చాలకాలము సహించెడివి. లోపల త్రుప్పును సున్నమును పేరుకొన్నప్పుడు మేస్త్రీ రేడియేటరును విప్పి, సన్నని కడ్డీతో గొట్టములను పొడిచి శుభ్రపఱచి, మాటువేసి తిరిగి అమర్చెడివాడు. కారనగా నీళ్లు త్రాగు జంతువని నాకు ఆనాడే మనసున నాటుకొన్నది.

2021లో మా అబ్బాయి తాను వాడుచున్న చిన్నకారును నాకిచ్చి వేఱొకటి కొనుక్కొనెను. కారు మాఱినది గాని నా బుద్ధి ఆ నీళ్లడబ్బానాటిదే. 2023 జూనులో మెకానిక్కు కారును పరీక్షించి, పాతబడిన కూలెంటును తీసివేసి, కారుతో వచ్చిన పుస్తకములో చెప్పిన రకమునే నింపెను. అది గులాబిరంగుది. "ఆజ్ఞా, ఇందులో వేరే ఏదీ పొయ్యకండి. తగ్గితే నాకు చూపించండి" అని రెండుమార్లు చెప్పెను. అతడు ఒడియావాడు, మనతో మాత్రము తెలుగే మాటలాడును. నేను తల యూపితిని.

ఆగస్టులో బానెట్టు తెఱచి చూడగా, తెల్లని ప్లాస్టిక్కు తొట్టిలో ద్రవము క్రిందిగీతకు దిగియుండెను. పెట్రోలుబంకు ప్రక్క దుకాణములో అడుగగా ఒక లీటరు పచ్చడబ్బా ఇచ్చిరి. కూలెంటు కూలెంటే గదా యనుకొని సగము పోసితిని. పచ్చయు గులాబియు కలిసి ఒక మాసిన రంగు వచ్చినది. చూచి ఊరకుంటిని. అక్టోబరులో మఱల తగ్గెను. ఈసారి డబ్బా వెదకుటకు బద్ధకించి, పెరటిలోని బోరునీటిని చెంబుతో పోసితిని. మా బోరునీటిలో పప్పు ఉడకదు. కాచిన గిన్నె అడుగున తెల్లని పెచ్చు కట్టును. ఆ నీటినే ఇంజనుకు త్రాగించితిని.

కార్తికమాసములో పర్లాకిమిడినుండి మా అక్కగారు వచ్చిరి. డెబ్బదిరెండేండ్ల మనిషి, మోకాళ్లనొప్పులు. తప్తపాణి వేడినీటిబుగ్గకు పోయి కాళ్లు తడుపుకొని, అక్కడి అమ్మవారిని చూడవలెనని ఆమె కోరిక. మా ఊరికి తప్తపాణి సుమారు 50 కిలోమీటర్లు. దిగపహండి దాటువఱకు ప్రయాణము బాగుగనే సాగినది. ఘాటు ఎక్కుచుండగా వేడిని చూపు ముల్లు ఎఱ్ఱగీతవైపు జరిగెను. నవంబరు చల్లదనములో ఇంజను మరుగునా యని నేను నమ్మక, మఱి రెండు మలుపులు పోనిచ్చితిని. బానెట్టు సందులనుండి ఆవిరి లేచెను. అక్కగారు దిగి, చెట్టునీడను ఒక ఱాతిమీద కూర్చుండి, "ఒరే తమ్ముడూ, తప్తపాణి మనకే ఎదురొచ్చిందిరా" అని నవ్విరి.

నేను తువాలు చేతికి చుట్టుకొని రేడియేటరు మూత త్రిప్పబోతిని. ఆ దారిని పోవుచున్న లారీడ్రైవరొకడు పెద్దగా కేకవేసి నన్నాపెను. ఆ కేక లేకున్నచో నా ముఖము కాలియుండెడిది. ఆ మూత లోపలి ద్రవమును ఒత్తిడిలో నుంచును. ఆ ఒత్తిడివలన ద్రవము 100 డిగ్రీలు దాటినను మరుగక నిలుచును. వేడిమీద మూత తెఱచినచో ఒత్తిడి ఒక్కుమ్మడిగ పోయి, లోపలిది క్షణములో మరిగి పైకి చిమ్మును. ఒక గంటకు పైగా చల్లాఱిన పిదప తెఱచి చూడగా, మూతక్రింద పచ్చయు లేదు, గులాబియు లేదు; బురదవంటి గోధుమరంగు ముద్ద ఉండెను. కారును వేఱొక బండిపై ఎక్కించి బరంపురము చేర్చితిమి. అక్కగారు ఆ మోకాళ్లతోనే బస్సెక్కి తిరిగి వచ్చిరి. బుగ్గలో కాళ్లు తడుపుకొనుట జరుగలేదు.

మెకానిక్కు ఆ ముద్దను వ్రేలితో తీసి వెలుతురులో చూచెను. "ఆజ్ఞా, మీరేమైనా పోశారా?" అని అడిగెను. "నేనేమీ పొయ్యలేదు. నువ్వు పోసిందే" అంటిని. అతడు నా ముఖము చూచెను, మఱల అడుగలేదు. లోపలిభాగమును మూడు పర్యాయములు కడిగెను. థర్మోస్టాటును, హెడ్ గ్యాస్కెట్టును మార్చెను. ఒక రబ్బరు గొట్టపు క్లిప్పు వదులై, అక్కడ బొట్టుబొట్టుగా కారుచుండుట కనిపెట్టి బిగించెను. సామానుల ఖరీదు మాత్రము తీసికొని కూలి వద్దనెను. నాసిరకపు సరుకు పోసినవాడు గనుకనే కూలి అడుగ మొగము చెల్లలేదని నేను సంఘమందిరములో వ్యాఖ్యానము కూడ చేసితిని.

మఱచితినని ఇప్పుడు చెప్పుకొనుట సులభము. కాని అతడు అడిగిన క్షణములో పచ్చడబ్బా నా కన్నులయెదుట మెదలినది. అరవై దాటిన మనిషిని, చెప్పినను వినలేదను మాట చిన్నవానిచేత పడనేల యనుకొంటిని. అబద్ధము ఒకమారు చెప్పిన పిదప, దానిని నమ్ముట కష్టము కాలేదు.

2024 జనవరిలో సంక్రాంతికి ఇల్లు దులుపుచుండగా మెట్లక్రింద ఆ డబ్బా బయటపడెను. నాది గుమాస్తా అలవాటు. కొన్న ప్రతి వస్తువుమీదను తేదీయు వెలయు వ్రాసియుంతును. దానిమీద నా దస్తూరితోనే "18–8–23, రూ. 240, సగము కారులో పోసితిని" అని యుండెను. ఉద్యోగకాలమంతయు పరుల లెక్కలలో తప్పులు పట్టిన చేతివ్రాత అది. ఇప్పుడు నా తప్పును పట్టినది.

కనుమునాడు కొట్లు మూసియుందురు గనుక ఆ మఱునాడు డబ్బాను చేతబట్టుకొని అతని కొట్టునకు పోయితిని. జరిగినది చెప్పితిని. అతడు పని ఆపకయే, "నాకు ఆ రోజే తెలుసు ఆజ్ఞా. పచ్చరకం ఆ ఏడు నేను కొననే లేదు" అనెను. మఱి ఏల చెప్పవైతివని అడిగితిని. "పెద్దవారు. పొయ్యలేదన్నారు. ఇంకేం చెప్పను?" అనెను. కూలి క్రింద రెండువేల రూపాయలు బల్లమీద నుంచితిని. లెక్కపెట్టి, "ఇంత కాలేదు" అని మూడువందలు తిరిగి యిచ్చెను. అటుపిమ్మట ఒక పీట చూపి, నేను జూనులోనే వినవలసిన పాఠమును చెప్పెను. అతడు చెప్పినదానిని తర్వాత పుస్తకములతో సరిచూచుకొని ఇక్కడ వ్రాయుచున్నాను.

మన ప్రాంతమున మంచు పడదు గదా, గడ్డకట్టకుండ కాపాడు ద్రవ మెందుకని చాలమంది అడుగుదురు. కూలెంటులో ప్రధానమైనది ఎథిలీన్ గ్లైకాలు. దానిని నీటితో సమపాళ్లలో కలిపినచో సుమారు మైనస్ 37 డిగ్రీలవఱకు గడ్డకట్టదు. మనకు ఆ గుణముతో పనిలేదు. కాని అదే మిశ్రమము నీటికంటె ఆలస్యముగా, సుమారు 107 డిగ్రీలవద్ద మరుగును. మూత ఒత్తిడి తోడైనచో మఱి యిరువది డిగ్రీలవఱకు ఓర్చును. ఘాటురోడ్డులో మనకు కావలసినది ఇదియే. అట్లని గ్లైకాలును మాత్రమే పోయరాదు. వేడిని మోయుటలో నీటిని మించినది లేదు. గ్లైకాలుకు ఆ శక్తి నీటిలో సుమారు 60 పాళ్లకు లోపే. అందుచేత ఒకటి లేక ఇంకొకటి చాలదు.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, త్రుప్పును ఆపు మందులు. నేటి కార్ల రేడియేటరును ఇంజను పైభాగమును అల్యూమినియముతో చేయుదురు. ఈ మందులు లేనిచో నీరు దానిని మెల్లమెల్లగా తినివేయును. పాతరకపు కూలెంట్లలో సిలికేటు, ఫాస్ఫేటు వంటి లవణములుండును. అవి లోహమునంతటిని ఒక పలుచని పొరతో త్వరగా కప్పును గాని, రెండేండ్లలో అరిగిపోవును. సేంద్రియ ఆమ్లములతో చేసిన కొత్తరకము, లోహము తినబడ నారంభించిన చోటనే పనిచేయును గనుక ఐదేండ్లవఱకు నిలుచును. ఈ రెండింటిని కలిపి వండిన మిశ్రమరకము మూడవది. ఐరోపాలో నీరు కఠినము; ఫాస్ఫేటు ఆ నీటితో కలిసి పెచ్చు కట్టునని అక్కడివారు దానిని విడిచి సిలికేటును ఉంచుకొనిరి. జపానువారు నీటిపంపు సీలు అరుగునని సిలికేటును విడిచి ఫాస్ఫేటును ఉంచుకొనిరి. ఎవరి కారణము వారిది. కారు పుట్టినింటి ఆచారమును బట్టి దాని పథ్యముండును.

ఈ రకములను తోచినట్లు కలిపినచో ఏమగును? ప్రతిసారి గడ్డకట్టునని చెప్పుట తప్పు. తఱచుగా పైకి ఏ చిహ్నమును కనబడదు. కాని ఒకదాని మందు ఇంకొకదానివలన పలుచనై కాపుదల తగ్గును. ఐదేండ్ల ఆయుష్షు రెండేండ్లకో అంతకు లోపుకో దిగును. కొన్నిమార్లు సిలికేటు విడిపోయి బంకవలె పేరుకొని సన్నని గొట్టములను మూయును. వోక్స్‌వాగన్‌వారి పాత నీలిపచ్చరకమైన జి 11లో ఎఱ్ఱనిదైన జి 12ను కలిపినచో గోధుమరంగు మడ్డియగునని ప్రసిద్ధి. పిదప వారే రెండింటితోను పొసగు జి 12 ప్లస్ అనుదానిని ఊదారంగులో తెచ్చిరి. నా కారులోనైతే ఈ కలయికకు తోడు బోరునీటి సున్నము కూడ చేరినది. మన బరంపురములో తెలుగు, ఒడియా, హిందీ ఒక్క సంభాషణలో కలిసినను ఎవరికిని అర్థము చెడదు. ఆ ధీమా రసాయనములయెడ పనికిరాదు.

రంగును నమ్మరాదనుట నేను నేర్చిన పెద్దపాఠము. రంగు కేవలము అద్దకము. ఏ రంగు ఏ రకమునకని లోకమంతటికి ఒక్క నియమము లేదు. టొయోటావారి ద్రవము ఎఱ్ఱగాను గులాబిగాను ఉండును, హోండావారిది నీలము, జనరల్ మోటార్సువారి డెక్స్‌కూల్ నారింజ. ఒక పచ్చడబ్బాలో పాతరకముండును, ఇంకొక పచ్చడబ్బాలో కొత్తరకముండును. డబ్బాలమీద ఐ.ఎస్. 5759, జె.ఐ.ఎస్. కె 2234, ఏ.ఎస్.టి.ఎం. డి 3306 అను ప్రమాణసంఖ్యలుండును. అవి సరుకు యోగ్యతను తెలుపును గాని, దేనితో కలుపవచ్చునో చెప్పవు. అందులకు కారు పుస్తకములో పేర్కొన్న రకమే ప్రమాణము.

తొట్టిలో ద్రవము తగ్గుటయే ఒక హెచ్చరిక. అది మూసియున్న వ్యవస్థ. మాటిమాటికి తగ్గినచో ఎక్కడనో కారుచున్నదని అర్థము. నింపుచు పోవుటకంటె రంధ్రమును వెదకుట మేలు. దారిలో గత్యంతరము లేనప్పుడు, ఇంజను చల్లాఱిన పిదప, బ్యాటరీకి వాడు డిస్టిల్డు నీటిని పోసి ఇల్లు చేరి, పిమ్మట పాళ్లు సరిచేయించుకొనవలెను. లోపలనున్నది ఏ రకమో తెలియనప్పుడు మొత్తము కడిగించి క్రొత్తది నింపించుటయే చౌక. కొన్ని డబ్బాలు నీరు కలిపి సిద్ధముగా వచ్చును, కొన్ని చిక్కనివి. చిక్కనిదానిలో డిస్టిల్డు నీటినే, సూచించిన పాళ్లలో కలుపవలెను.

పిల్లలుగల ఇండ్లవారికి మఱియొక మాట. ఎథిలీన్ గ్లైకాలు తియ్యగానుండు విషము, మూత్రపిండములను చెఱచును. దానిని పానీయపు సీసాలలో పోసి దాచరాదు. తీసివేసిన ద్రవమును వీధికాలువలో పాఱబోసినచో కుక్కలును పశువులును త్రాగి చచ్చును. ఎవరైన పొరపాటున మ్రింగినచో తక్షణమే ఆస్పత్రికి తీసికొనిపోవలెను.

ఇప్పుడు నా కారు బానెట్టు లోపల ఒక చిన్న అట్ట కట్టియున్నది. ఏ రకము పోసినది, ఏ తేదీన, ఎవరు పోసినది అను మూడు గడులు దానిపై గలవు. మూడవ గడిలో నా పేరు ఇంతవఱకు పడలేదు. అక్కగారిని 2024 కార్తికములో మఱల తప్తపాణికి తీసికొనిపోయితిని, ముల్లు కదలలేదు. సంఘమందిరములో నా మాట విని ఆ కొట్టును విడిచినవారెవరో వారికి తెలియును. వారు దయతో మఱల అటు పోవలెనని కోరుచున్నాను. తప్పు అతనిది కాదు, నాది.