మాహిష్మతీ ప్రజలు

తిరుపతి వేంకటకవుల ‘పాండవోద్యోగ విజయములు’ ఆడుచున్న పందిటిలో రాయబార ఘట్టమునకై కాచుకొని కూర్చున్న ప్రేక్షకునకు శ్రీకృష్ణుడు కౌరవసభకు పోవుట క్రొత్త సంగతి కాదు, సంధి పొసగకుండుటయు క్రొత్త సంగతి కాదు; అయినను వేకువజాము దాక నిద్ర ఆపుకొని, తనకు ప్రియమైన పద్యము రాగాలాపనతో ముగిసిన మరుక్షణమే ‘వన్స్ మోర్’ అని కేక వేసి, నటునిచేత దానిని మరల పాడించుకొన్న పిమ్మట గాని అతని మనసు కుదుటపడెడిది కాదు. సినిమా వచ్చిన తరువాత ఆ కేకకు వినువాడు లేకపోయెను. తెరమీది నటుడు హాలులోని గొంతు వినడు, తిరుగుచున్న చిత్రము మన కోరికపై వెనుకకు మరలదు. కనుక వన్స్ మోర్ అనుట మరునాడు వచ్చి మరల టిక్కెట్టు కొనుటగా మారినది.

ఆ మార్పు ఎంత దూరము పోగలదో తెలుగువారు 2017లో చూచిరి. రాజమౌళి దర్శకత్వమున 2015 జూలై 10న వెలువడిన ‘బాహుబలి’ పూర్వభాగము, రాజభక్తికి ప్రతిరూపమనదగిన కట్టప్ప, తనను మామా అని పిలుచు బాహుబలిని తన చేతనే పొడిచి చంపితినని చెప్పగానే, కారణము విప్పక అక్కడనే నిలిచిపోయినది. ఎందుకు చంపెను అను ప్రశ్న దాదాపు రెండేండ్ల పాటు భాషాభేదము లేక దేశమంతట పలుకబడినది; ఇంటింట, రచ్చబండల వద్ద, రైలుపెట్టెలలో ఎవరికి తోచిన సమాధానము వారు చెప్పుకొనిరి. 2017 ఏప్రిల్ 28న ఉత్తరభాగము వచ్చినది. మొదటి ఆట చూచి వెలుపలికి వచ్చినవారి నోటినుండి ఆ రహస్యము సాయంకాలమునకు ఊరూర ప్రాకిపోయినది. రహస్యమొకటే ఆకర్షణ అయినచో మూడవనాటికి హాళ్లు బోసిపోవలసినది. అట్లు జరుగలేదు సరికదా, ప్రపంచమంతట కలిపి వేయికోట్ల రూపాయల వసూలును దాటిన తొలి భారతీయ చిత్రముగా అది నిలిచినది. సమాధానము తెలిసినవారే మరల వచ్చిరి. తోడుగా తెలియనివారిని తెచ్చిరి.

వారు దేనికై వచ్చిరి? అభిమానిని అడిగినచో జవాబునకు తడుముకొనడు. నెత్తిన అగ్నిభాండముతో మ్రొక్కు తీర్చుకొనబోవు రాజమాత శివగామివైపు మదపుటేనుగు పరుగెత్తి వచ్చుచుండగా తలుపులు బద్దలుకొట్టుకొని మహారథముతో బాహుబలి వెలువడుట యని ఒకరందురు. కుంతల రాజప్రాసాదమున రాత్రివేళ శత్రువులు చుట్టుముట్టినప్పుడు మూడేసి బాణములు సంధించు మెలకువను రాజకుమారి దేవసేనకు అక్కడికక్కడనే నేర్పి, ఇరువురును ఒక్క లయలో విండ్లు వంచుట యని మరియొకరందురు. హంసనావ యని కొందరు, ఇంటర్వెల్ ముందరి పట్టాభిషేకమని పలువురు, నిండుసభలో సేతుపతి తల తెగుట యని స్త్రీలలో పెక్కురు, తాటిచెట్లను వంచి డాళ్లు కప్పుకొని సైనికులు కోటలోనికి ఎగురుట యని పిల్లలు. ఈ మాటలు వినునప్పుడెల్ల నాకు ఒక విశేషము తోచుచుండును. దేశమును రెండేండ్లు ఊరించిన ఆ కత్తిపోటు ఘట్టమును మరల చూడవలెనని వచ్చితినని చెప్పినవారు నాకు కనబడలేదు. దానిని అందరును మెచ్చుకొందురు, అందరును కంట తడి పెట్టుకొందురు; ప్రియమైనదని మాత్రము అనరు.

అభిమానికి ప్రియమగునది అద్భుతమే అని సామాన్యముగా అందరును అనుకొందురు. ఏనుగును ఎక్కుట, కోటను దూకుట మొదలగువానియందే అతని మనసు నిలుచునని తలంతురు. నేను అట్లు తలపను. తెరమీది కథలో హాలులోని జనమునకు ఒక చోటు చూపించిన ఘట్టములే మరల మరల పిలువబడుచున్నవని నా అభిప్రాయము.

పట్టాభిషేకమునే తీసికొందము. ఆ ఘట్టమున కథానాయకుడు చేసినదేమి? యుద్ధము లేదు, సాహసము లేదు. తనదనుకొన్న సింహాసనమును దేవసేనకిచ్చిన మాట కొరకు వదలుకొని, అన్న భల్లాలదేవునకు కిరీటము పెట్టుచుండగా చూచుచు నిలిచి, తన వంతు వచ్చినప్పుడు ముందునకు వచ్చి, తన పేరు చెప్పుకొని, మాహిష్మతీ ప్రజల ధనమానప్రాణములను కాపాడుదునని రాజమాత సాక్షిగా సేనాధిపతి చేయవలసిన ప్రమాణము చేయును. అంతియే. మాటలు నాలుగు వాక్యములకు మించవు. ప్రభాస్ వానిని గొంతు చించుకొని పలుకలేదు, తూచినట్లు పలికినాడు. దానికి ముందు భల్లాలదేవునకు పలికిన జయధ్వానములో విధి యున్నది గాని ప్రాణము లేదు. ఈ నాలుగు వాక్యముల పిమ్మట మాత్రము ఒక మూలనుండి చిన్నగా మొదలైన కేక మైదానమంతయు ప్రాకి, సైనికుల ఆయుధధ్వనులతో కలిసి, నేల కదలుచున్నదా యనిపించునంతటి ఘోషయై సింహాసనమును తాకును. ఇక్కడ దర్శకుని దృష్టిని గమనింపవలెను. ఆ ఘోష ఎంతటిదో తెలుపుటకు అతడు కెమెరాను జనముపైననే నిలుపలేదు. రాజైనవాని మొగముపైకి తెచ్చెను. రాణా ఆ క్షణమున కనుబొమ్మ కూడ పెద్దగా కదల్చడు. కిరీటము తలపై నున్నది, రాజ్యము చేతిలో లేదు అను ఎరుక ఆ కన్నులలో మెల్లగా దిగుట మనకు కనబడును. కీరవాణి సంగీతము సైతము అప్పుడు జనఘోషకు దారి విడిచి, దాని వెనుకనే నడచును.

హాలులో కూర్చున్నవాడు ఆ సమయమున ఏమి చేయవలెను? అతడు అప్పటికే చేయుచుండును. ఈలలు, చప్పట్లు, గాలిలో ఎగురు కాగితపు ముక్కలు, కుర్చీలపై లేచి నిలుచుట, ఇవి అన్ని చిత్రములకును కలవు. కాని తక్కిన చిత్రములలో హాలులోని కేక కథకు వెలుపలిది. ఇక్కడ అది కథలోనిది. తెరమీది జనము కేక వేసినచో హాలులోని జనము కేక వేయును, రెండింటి నడుమ తెర యున్నదో లేదో తెలియదు. టిక్కెట్టు కొని వచ్చినవాడు ఆ రెండు నిమిషములు మాహిష్మతీ పౌరుడు. తాను ఎన్నుకొనని రాజు ఎదుట, తాను ప్రేమించు మనిషికి జై కొట్టు అవకాశము సామాన్యునకు నిత్యజీవితమున ఎంత అరుదుగా లభించునో తలచినచో, దానికై రెండవసారి సొమ్ము వెచ్చించుట వింతగా తోచదు.

ఈ మాట తెలుగునేలకే పరిమితమని అనుకొనుటకు వీలులేదు. 2017 డిసెంబరు చివర ఈ చిత్రము జపానులో విడుదలైనది. సినిమా హాలులో నోరు మెదపక, పేర్లు చూపునంతవరకు కదలక కూర్చుండుట మర్యాదగా భావించు దేశమది. అట్టి దేశమున ఈ చిత్రమునకు, గట్టిగా అరువవచ్చునను ప్రత్యేకానుమతితో ఆటలు ఏర్పాటు చేసిరి. ప్రేక్షకులు చిరుగంటలును, మిణుకుమను దీపపు కడ్డీలును చేతబట్టి, కొందరు పాత్రల వేషములు వేసికొని మరీ వచ్చిరి. తెలుగు ఒక్క ముక్క తెలియని గొంతులు జై మాహిష్మతి యని ఎలుగెత్తి పలికినవి. 2018 ఏప్రిల్‌లో రాజమౌళి టోక్యో వెళ్లి అట్టి ఆటయందు ఆ జనము నడుమ నిలిచెను. మన పల్లెటూరి పందిటినుండి పుట్టిన వన్స్ మోర్ కేకకును దీనికిని బంధుత్వము కలదని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషమును దాచుకొనను. ఒక జాతి తన నాటకమును చూచు పద్ధతి సైతము కథతోపాటు సముద్రము దాటినది.

సభాఘట్టము సంగతి వేరు. గుడివద్ద బారులు తీరిన స్త్రీలపై చేయి వేసిన సేతుపతి వ్రేళ్లను దేవసేన నరికినది. ఆమెను సంకెళ్లతో సభకు తెచ్చిరి. ఆమె నిండు గర్భిణి. బాహుబలి వచ్చి, జరిగినది ఆమె నోటనే విని, నీవు చేసినది తప్పే, నరుకవలసినది వ్రేళ్లను కాదు అను అర్థమువచ్చు మాట పలికి, పలుకుచునే వాని తల తెగవేయును. న్యాయశాస్త్రము తెలిసినవారు దీనిని ఒప్పుకొనరు. విచారణ ముగియకయే దండనము విధించు సభ సభ కాదందురు, ఆ మాట నిజము. అయినను ఈ ఘట్టమునకు హాలు పైకప్పు ఎగిరిపోవునట్లు చప్పట్లు పడుటలో నాకు కనబడునది రక్తదాహము కాదు. స్త్రీని నిండుసభకు ఈడ్చుకొనివచ్చిన కథను మన తాతముత్తాతలు భారతములో విన్నారు. విన్న ప్రతిసారియు ఒకే సంగతి వారి గుండెలో ముల్లువలె గ్రుచ్చుకొన్నది. పెద్దలలో పెక్కురు తలలు వంచుకొని కూర్చుండిరి, దానిని ఆపగలిగినవాడు ఒక్కడైనను లేకపోయెను. భీష్ముడు ధర్మసూక్ష్మమనెను, ద్రోణుడు మాటాడలేదు, భర్తలు కట్టుబడి యుండిరి. తరతరముల శ్రోతలు మనసులోనే అనుకొనుచు వచ్చిన ‘అప్పుడే ఒకడు లేచియుండిన’ అను కోరికకు ఈ చిత్రమున రూపము దొరకినది. దేవసేన ఇక్కడ విలపించుచు ఒకరిని పిలువదు, తలయెత్తి జరిగినది జరిగినట్లు చెప్పును; అనుష్క ఆ నిలువుటలోనే సగము ఘట్టమును గెలిచినది. భర్త లేచుట ఆమెను రక్షించుటకు కాదు, ఆమె తీర్పును సమర్థించుటకు. ఈ భేదమును స్త్రీ ప్రేక్షకులు మొదటి ఆటయందే గ్రహించిరి.

తాటిచెట్ల ఘట్టమును గూర్చి నేను ఎక్కువ చెప్పను. పిల్లలకు అది నచ్చుట న్యాయమే, నాకు మాత్రము అక్కడ కథ కన్న యంత్రము ముందు నడచినట్లు తోచును. దాని ప్రక్కనే, పాతికేండ్లు సంకెళ్లలో పుల్ల పుల్ల ఏరుకొన్న తల్లి దేవసేన, ఇన్నాళ్లకు నెత్తిన నిప్పుతో ఆగక నడచి భల్లాలుని చితికి చేరుట యున్నది. పూర్వభాగమున ఆ పుల్లలను చూచి పిచ్చి యనుకొన్నవారికి ఉత్తరభాగము ఇచ్చిన జవాబది. ఉత్తరభాగమునకు పుట్టుటకు అర్హత అట్టి జవాబులవలననే కలుగును. హంసనావపై మబ్బులు గుఱ్ఱములై పరుగెత్తుట అందముగనే యున్నది; నావ ఎక్కుటకై దేవసేన అతని భుజములపై అడుగు వేయుట అంతకన్న అందముగ నున్నది, ఎందుకనగా ఆ యోధునకు ఆ భుజములను అంతకన్న మంచి పనికి వినియోగింపవచ్చునని తోచలేదు.

అభిమానులు ఎక్కువగా పేర్కొనని ఘట్టమొకటి నాకు అన్నిటికన్న ప్రియము. కుంతలమున కుమారవర్మ యను పిరికివాడు కలడు. సుబ్బరాజు ఆ పాత్రను ధరించెను. ప్రగల్భములు పలుకును, ఆపద రాగానే దాగును. జనము అతనిని చూచి నవ్వును. శత్రువులు ప్రాసాదములో చొరబడిన రాత్రి, వణుకుచున్న ఆ మనుష్యుని బాహుబలి ఎగతాళి చేయడు. అతని చేతికి ఒక కత్తి ఇచ్చి, ధీరుడగుటకు కాలము ప్రతి పిరికివానికిని ఒక క్షణము నిచ్చును, ఆ క్షణము ఇదియే అను భావము వచ్చునట్లు చెప్పి, తన దారిన తాను పోవును. తలుపు పగులును. ఎదుటివాడు మీదికి వచ్చును. కుమారవర్మ కన్నులు మూసికొని కాదు, తెరచియే పొడుచును. పొడిచిన చేతివంక తానే నమ్మలేక చూచుకొనును. అంతవరకు నవ్విన హాలు అప్పుడు ఈల వేయును. తక్కిన ఘట్టములలో మనకు జనములో చోటు దొరకినది. ఇక్కడ ఆ ఒక్క మనుష్యునిలో దొరకినది. హాలులో బాహుబలులు ఎందరుందురు? కుమారవర్మలమే అందరము.

రెండవసారి చూచినవానికి మాత్రమే ఈ ఘట్టము పూర్తిగా తెలియును. ఆ రాత్రి మేల్కొన్న ధైర్యమే పిమ్మట మాహిష్మతిలో భల్లాలుని తండ్రి బిజ్జలదేవుని పన్నాగమునకు ఎర యగును. బాహుబలి ప్రాణమునకు ముప్పని నమ్మించబడి, అదే ధైర్యముతో కుమారవర్మ భల్లాలుని చంపబోయి తానే చచ్చును. అతనిని పంపినది బాహుబలియే అని నమ్మిన శివగామి మరణాజ్ఞ ఇచ్చును. కట్టప్ప కత్తి దూయును. దేశమంతయు వెదకిన సమాధానమునకు మొదటి ముడి కుంతలమున, ఒక పిరికివానిపై చూపిన ఆదరమునందే పడినది. ఈ సంగతి తెలిసియుండినచో బాహుబలి ఆ రాత్రి కత్తి ఇచ్చియుండెడివాడా? ఇచ్చియుండెడివాడే అని నా నమ్మకము. సింహాసనము కన్న ఇచ్చిన మాట పెద్దదని ఎంచినవాడు, తన ప్రాణము కన్న ఎదుటివాని మానము చిన్నదని ఎంచడు.