మందు డబ్బాలోని మడత కాగితం

సముద్రపు ఒడ్డు ఊరు కొత్తపట్నంలో నేను చూడ్డానికి వెళ్లిన సాంకేతిక రచన తరగతికి పాఠ్యపుస్తకం లేదు. బల్లల మీద పురుగుమందు డబ్బాలతో వచ్చే మడత కాగితాలు పరిచి ఉన్నాయి. దుకాణాల్లో అడిగి తెచ్చినవి. ఇంటర్ పిల్లలు నలుగురేసి కూర్చుని వాటిని చదువుతున్నారు. చదువుతున్నారనడం కంటే వెతుకుతున్నారనడం సరి: అక్షరం ఆవగింజంత, వరుస మీద వరుస.

1971 నాటి పురుగుమందుల నిబంధనల ప్రకారం ప్రతి డబ్బాతోనూ ఈ కాగితం ఉండాలి. ఎలా వాడాలి, విషం ఎక్కితే కనిపించే లక్షణాలేమిటి, ప్రథమ చికిత్స ఏమిటి, విరుగుడు ఏమిటి, అన్నీ అందులో ఉండాలి, ప్రాంతీయ భాషలో కూడా. రాయడమైతే రాస్తున్నారు. అది చేలో నిలబడ్డ మనిషికి అందుతోందా అన్నదే ఈ తరగతి పట్టుకున్న ప్రశ్న.

ఆ కాగితాన్ని రైతుకు అర్థమయ్యేలా తిరగరాయడం పిల్లల పని. కానీ మాస్టారు వెంటనే రాయనివ్వరు. ముందు రైతు దగ్గరికి పంపుతారు. ఆయన కాగితాన్ని పైకి చదువుతుంటే ఎక్కడ ఆగాడో, ఏ మాట దాటేశాడో, ఎక్కడ కాగితం తిప్పి చూశాడో రాసుకురావాలి. వాళ్లతో నేనూ ఒక మిరప చేనుకు వెళ్లాను. 2021లో నల్ల తామర పురుగు మిరపను ఊడ్చేసినప్పటి నుంచి మందు కొట్టే తడవలు పెరిగాయన్నాడు ఆ రైతు. ‘‘బాబాయ్, ఒక ట్యాంకుకు ఎంత పోస్తావు?’’ అని ఒకమ్మాయి అడిగింది. ‘‘మూతతో కొలుస్తానమ్మాయ్. దుకాణంలో ఎంత చెబితే అంత.’’ కాగితం మీద ఏముందో అడిగితే, అది దుకాణం వాళ్ల లెక్కేమో అనుకున్నానన్నాడు.

ఆయన తప్పేమీ లేదు. కాగితంలో మోతాదు హెక్టారుకు ఉంటుంది. మన రైతు ఎకరాల్లో ఆలోచిస్తాడు, ట్యాంకుల్లో కొలుస్తాడు. హెక్టారుకు 500 లీటర్ల నీళ్లలో 500 మిల్లీలీటర్ల మందు అనుకుందాం. అంటే లీటరుకు ఒక మిల్లీలీటరు, 16 లీటర్ల ట్యాంకుకు 16 మిల్లీలీటర్లు, ఎకరాకు పన్నెండున్నర ట్యాంకులు. ఈ మూడు అంకెలు తీయడానికి తరగతిలో గంట పట్టింది. ఆ గంటను ఎండలో రైతు నెత్తిన పెట్టడం అన్యాయం. లెక్క రాసేవాడే చేసిపెట్టాలి. సాంకేతిక రచన అంటే నాకు అర్థమైనంతలో ఇదే.

పిల్లల కొత్త కాగితంలో అన్నిటికంటే పైన మందు సాంకేతిక నామం ఉంది. రైతుకు తెలిసింది అమ్మకం పేరు. ఆసుపత్రిలో డాక్టరుకు కావలసింది లోపలి రసాయనం పేరు. ఆర్గానోఫాస్ఫేట్ అని తెలిస్తేనే అట్రోపిన్ వైపు చెయ్యి వెళ్తుంది. దాని కిందే, ‘డబ్బాను కూడా ఆసుపత్రికి తీసుకెళ్లండి’ అన్న వాక్యం. ఆ తర్వాత రంగు గుర్తు: ఎరుపు అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే ప్రమాదం లేనిదని చాలామంది అనుకుంటున్నట్టు పిల్లలు చేలల్లో విన్నారు. అందుకే ‘ఆకుపచ్చ ఉన్నా విషమే’ అని పెద్ద అక్షరాల్లో వేశారు. చివరి మందుకూ కాయ కోతకూ మధ్య ఎన్ని రోజులు ఆగాలో గడి గీసి చూపారు.

అచ్చు కూర్పు దగ్గర పెద్ద వాదమే జరిగింది. ఒక జట్టు అంతా ఒకే పేజీలో ఇరికించాలని వరుసలు దగ్గరికి లాగింది. పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద పడ్డాయి. ఇంగ్లీషుకు సరిపోయే ఎడం తెలుగుకు చాలదు. మాటలు తగ్గించండి, ఎడం తగ్గించొద్దన్నారు మాస్టారు. సగం వాక్యాలు పోయాయి, కాగితం బాగుపడింది.

1937 వేసవిలో ఈ ఊళ్లోనే రాజకీయ, ఆర్థిక పాఠశాల పెడితే మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. కాదని నిలబడినవాళ్లు లాఠీ దెబ్బలు తిన్నారు. చదువు బతుకు దగ్గరికి రావాలన్న పట్టుదల కొత్తపట్నానికి పాతదే. మన వ్యవసాయ పాలిటెక్నిక్‌లన్నిటిలో ఈ పాఠం ఉండాలని నా కోరిక.

తర్వాతి పని సముద్రానిది. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ చేపలు దొరికే చోట్ల సమాచారం ఇస్తుంది: రేవు నుంచి దిక్కు, దూరం, లోతు. దాన్నీ ఇలాగే తిరగరాయాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి, పడవలు ఒడ్డున ఉండే ఆ రెండు నెలల్లో జాలర్లను కలవాలని పథకం. వేటకు వెళ్లే ఇంటి అమ్మాయి ఒకతె అప్పుడే ప్రశ్నలు రాసుకుంటోంది. మొదటిది: ‘దూరం మీరు కిలోమీటర్లలో చెప్పుకుంటారా, ఇంజను నడిచే గంటల్లోనా?’