చౌడును ఉప్పును

హైదరాబాదునుండి విజయవాడకు బోవు రహదారిపై యాభై కిలోమీటర్ల దూరమున నున్న చౌటుప్పల్ పేరు పలికినపుడెల్ల నా చెవికి చౌడును ఉప్పును కలిసి వినవచ్చును. ఇది చెవి కల్పించుకొన్న వ్యుత్పత్తియే గాని వ్యాకరణ మొప్పినది గాదు. అయినను, శిష్యులను లోకమునకు ఉప్పని పిలిచిన గురువు బోధను చిన్ననాటినుండి గుడి చాపమీద కూర్చుండి విన్నవాని కీ పేరే యొక ప్రసంగమువలె తోచుటలో వింత లేదు. ఉప్పు కూరలో కరగిపోయినచో రుచి; ఆ ఉప్పే నేలమీద ఒకచోట పేరుకొన్నచో చౌడు, అచట గడ్డిపోచయైన మొలవదు. పరిశుద్ధతకును ఈ రెండు గతులే కలవని నా యనుమానము.

ఆ మాటకు మన దేశమున పట్టిన చిక్కు సామాన్యమైనది గాదు. హెబ్రీ మూలమున దానికి దేవునికై ప్రత్యేకింపబడుట యను భావము ప్రధానము. అది తెలుగున శుద్ధి యను మాటను వెంటబెట్టుకొని వచ్చునప్పటికి, శుద్ధి యనగానే మడియు, మడి యనగానే మైలయు, దూరమును, వేఱు బావియు జ్ఞప్తికి వచ్చు సమాజమిది. 1889లో రష్యానుండి భారతదేశమునకు వచ్చి, మరుసటి యేట నల్లగొండలో బాప్తిస్టు మిషను పనికి పూనుకొన్న అబ్రహాం ఫ్రీజెన్ దంపతుల బోధను ఆలకించినవారిలో అధికులు ఊరి బావిగట్టు తొక్కనోచని మాల మాదిగ వాడలవారు. అట్టివారితో మీరు పరిశుద్ధులగుటకు పిలువబడినవారని చెప్పుట యెంత సాహసమో, ఆ మాట విన్ననాటి రాత్రి వారిలో ఎందఱికి నిద్రపట్టలేదో నేడు మనకు పూర్తిగా ఊహకందదు.

వారి మనుమలమైన మనము మాత్రము తీరిక చిక్కగానే మఱియొక మడి కట్టుకొంటిమి. నగలు విడిచినవారు విడువనివారిని, ఉపవాస ప్రార్థనకు వచ్చినవారు రానివారిని, బోనాలనాడు పొరుగింటివారు పంపిన గిన్నెను తిప్పిపంపినవారు పుచ్చుకొన్నవారిని ఒకింత దూరముగా చూచుట నేర్చిరి. నగలు విడుచుటలో త్యాగము లేదనను. మా యింటి పెద్దలలోనే అట్లు విడిచి, ఆ మాట ఎన్నడును ఎవ్వరితోను ఎత్తనివారు కలరు. ఎత్తినచోటనే చౌడు మొదలగునని నేననుకొందును.

నిర్గమకాండమున ప్రధానయాజకుని నొసట కట్టు బంగారు రేకుపై దేవునికి ప్రతిష్ఠితమను మాట చెక్కించిరి. జెకర్యా ప్రవక్త తన గ్రంథము కడపట ఆ మాటనే గుఱ్ఱముల కళ్లెములపై చూచెను. అంతటితో నిలువక, యెరూషలేములోని వంటపాత్రలన్నియు ప్రతిష్ఠితములగునని చెప్పెను. నొసటినుండి కళ్లెమునకు, కళ్లెమునుండి కుండకు దిగివచ్చిన ఈ ప్రయాణమును మన ప్రసంగీకులు ఏల ఎక్కువగా ఎత్తుకొనరో నాకు తెలియదు. పదునేడవ శతాబ్దమున పారిస్ నగరపు మఠములో వంటపని చేసిన బ్రదర్ లారెన్సు దానిని ఆచరించి చూపెను; పరిశుద్ధతకు పిలుపు మఠవాసులకే గాక విశ్వాసులందఱికిని కలదని రెండవ వాటికన్ మహాసభ 1964లో ప్రకటించెను. ఇక గుఱ్ఱముల మాట. పంతంగి టోలుగేటువద్ద నిలిచియున్న లారీల వరుసను చూడుడు: నాలుగైదింటిలో ఒకదాని అద్దముపైనైన సిలువయో యేసు నామమో కానవచ్చును. వ్రాయించుటకు పెయింటరు చాలును. క్లీనరు కుఱ్ఱవానికి కూలి లెక్క సరిగా కట్టుటకే ప్రవక్త చెప్పిన కళ్లెము కావలయును.

కుండను గూర్చి ఈ సీమవారికి ఒకరు చెప్పనక్కఱలేదు. చౌటుప్పల్, మునుగోడు, మర్రిగూడ ప్రాంతముల బోరునీరు కంటికి తేటగానే యుండెడిది, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల మేర దాటిన ఫ్లోరైడు ఆ తేటలోనే దాగి పిల్లల పండ్లకు గార పట్టించెను, పెద్దల యెముకలను వంచెను. తరములపాటు ఆ నీరు త్రాగిన పిమ్మట, ఇంటింటికి నీరిచ్చు మిషన్ భగీరథకు 2015లో ఈ చౌటుప్పల్‌లోనే పైలాను నిలిపిరి. తేటదనము చూచి నీటిని నమ్మరాదని తెలిసిన ఈ ప్రజలే ఆదివారపు తెల్లబట్టలను చూచి భక్తిని నమ్ముట నాకు ఆశ్చర్యము; నమ్మినవారిలో నేనును ఉంటిని, నా బట్టలును తెల్లనివే.

ఇక్కడి బడిలో మధ్యాహ్న భోజనము వండు ఒక పెద్దమ్మ కలదు. తెల్లవారుజామున ప్రార్థన ముగించుకొని, పొయ్యి వెలిగించి, రెండు వందలమందికి పప్పుచారు కాచును. గ్రుడ్లు వచ్చిన దినమున పిల్లల తలలెన్నియో గ్రుడ్లన్నియు పళ్లెములకే చేరును. సెలవు పెట్టిన పిల్లల పాలు కొంగున మూటగట్టుకొని పోవుదమను తలంపు ఆమెకు రానేలేదో, వచ్చినదానితో ఏ తెల్లవారుజామున పోరాడినదో ఎవరెఱుగుదురు? మిగిలినవాటిని మేష్టరు బల్లమీద లెక్కపెట్టి ఉంచుట మాత్రము నేను చూచితిని.

“ఇంత పెద్ద గంజుకు ఉప్పు కొలత ఎట్లా తెలుస్తది పెద్దమ్మా?” అని యొకనాడు అడిగితిని.

“కొలతేంది బిడ్డా! ఇంట్ల పిల్లలకు ఏసినట్టే ఏస్త. గీళ్లేమన్న పరాయోళ్లా?”

అంతలో బడిగంట మ్రోగెను. ఆమె గరిటెతో రెండు చుక్కలు అరచేతిలో వేసికొని నాలుకకు తగిలించి, కన్నులు మూసికొని క్షణమాత్రము నిలిచి, ఇంకొక చిటికెడు ఉప్పు వేసి కలియబెట్టెను.