తలుపు దగ్గరకు వేసి పెట్టే రాత్రి

హాలోవీన్ అనగానే మనకు గుర్తొచ్చేవి మూడు. గుమ్మడికాయ, దెయ్యం మాస్కు, ఇన్‌స్టా రీల్. ఇది అమెరికా వాళ్ల పండగని, మిగతా దేశాలు వాళ్లను చూసి కాపీ కొడుతున్నాయని చాలామంది అనుకుంటారు. కథ ఉల్టా. ఆ పండగ ఐర్లాండ్, స్కాట్లాండ్ లాంటి కెల్టిక్ నేలల నుంచి అమెరికా వెళ్లింది. దాని పాత పేరు సౌవిన్. ఇంగ్లిష్ అక్షరాలు చూసి 'సమ్‌హైన్' అని చదివితే ఇక్కడివాళ్లు నవ్వి సరిచేస్తారు. ఐరిష్ భాషలో నవంబరు నెల పేరు కూడా ఇదే.

ఉద్యోగం కోసం డబ్లిన్ వచ్చి మూడేళ్లు దాటింది. అక్టోబరు చివరి ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఆ తర్వాత సాయంత్రం అయిదు కాకముందే చీకటి పడుతుంది. ఆ చీకటి చూస్తే ఈ పండగ ఎందుకు పుట్టిందో ఎవరూ చెప్పక్కర్లేదు.

క్రైస్తవం రాకముందు నుంచీ ఇక్కడి వాళ్లకు ఏడాదిలో రెండు పెద్ద మలుపులు ఉండేవి. మే మొదట్లో వేసవి, నవంబరు మొదట్లో చలికాలం. వేసవంతా కొండల మీద మేసిన పశువుల్ని సౌవిన్ నాటికి ఇంటికి తోలుకొచ్చేవాళ్లు. చలికాలమంతా మేపలేమనుకున్న వాటిని కోసి మాంసం దాచుకునేవాళ్లు. పంట ఇంటికి చేరింది, బయట పచ్చదనం పోయింది. ఈ లోకానికీ అవతలి లోకానికీ మధ్య గోడ ఆ రాత్రి పలచబడుతుందని నమ్మేవాళ్లు. వాళ్ల లెక్కలో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. అందుకే నవంబరు 1 పండగ అక్టోబరు 31 సాయంత్రమే మొదలు.

డబ్లిన్‌కు వాయవ్యంగా, మీత్ కౌంటీలో టారా కొండ ఉంది. దాని మీద దాదాపు 5,000 ఏళ్ల నాటి ఒక సమాధి దిబ్బ. సౌవిన్ రోజుల్లో, మళ్లీ ఫిబ్రవరి మొదట్లో, ఉదయించే సూర్యుడి వెలుగు సరిగ్గా దాని లోపలికి పడుతుంది. అదే కౌంటీలో అథ్‌బోయ్ అనే ఊరి పక్కన హిల్ ఆఫ్ వార్డ్ అనే కొండ ఉంది. సౌవిన్ రాత్రి పెద్ద మంట అక్కడే వేసేవాళ్లని పాత ఐరిష్ రచనలు చెబుతాయి. తర్వాత చర్చి నవంబరు 1ని పునీతులందరి పండగ చేసింది, నవంబరు 2ని చనిపోయిన వాళ్ల కోసం ప్రార్థించే రోజు చేసింది. పునీతుల పండగకు ముందు సాయంత్రం కాబట్టి హాలోవీన్ అన్న పేరొచ్చింది. పేరు మారినా పాత అలవాట్లు ఇళ్లలో ఉండిపోయాయి.

మొదటిది దీపం. ఇక్కడ మొదట చెక్కింది గుమ్మడికాయను కాదు, టర్నిప్ దుంపను. మేయో కౌంటీలోని మ్యూజియంలో అలాంటి ఒక పాత దుంప ముఖానికి పోతపోసిన నమూనా ఉంది. గూగుల్‌లో చూడండి, రాత్రికి నిద్ర పట్టదు. 1845 నుంచి వచ్చిన ఆలుగడ్డల కరువులో దాదాపు పది లక్షల మంది చనిపోయారు. లక్షలమంది ఓడలెక్కి అమెరికా వెళ్లారు. అక్కడ పెద్దగా, మెత్తగా, చెక్కడానికి సులువుగా గుమ్మడికాయ దొరికింది. ఇప్పుడు అదే గుమ్మడికాయ డబ్లిన్ సూపర్‌మార్కెట్‌కు తిరిగొచ్చింది.

రెండోది వేషం. ఆ రాత్రి తిరిగే వాటిలో మంచివీ ఉంటాయి, చెడ్డవీ ఉంటాయి. అవి మనల్ని గుర్తుపట్టకుండా ముఖం మార్చుకోవాలి. పిల్లలు మాస్కులు కట్టుకుని ఇల్లిల్లూ తిరిగి యాపిల్ పళ్లు, గింజలు అడిగేవాళ్లు.

మూడోది బార్మ్‌బ్రాక్. ఎండుద్రాక్ష వేసి చేసే తియ్యటి రొట్టె. లోపల చిన్న చిన్న వస్తువులు దాచేవాళ్లు. ముక్కలో ఉంగరం వస్తే ఏడాదిలో పెళ్లి. నాణెం వస్తే డబ్బు, గుడ్డపేలిక వస్తే పేదరికం, బఠాణీ వస్తే ఈ ఏడాదికి పెళ్లి లేనట్టే. ఇప్పటికీ కొన్ని దుకాణాల రొట్టెల్లో ఉంగరం ఉంటుంది. పోయినేడు మా టీమ్‌లో అది వచ్చింది ఇద్దరు పిల్లల తండ్రికి.

వీటి గురించి ఎంత చదివినా నాకు సరదాగానే ఉండింది. నాలుగోదాని దగ్గర ఆగిపోయాను.

1937 నుంచి 1939 దాకా ఐర్లాండ్‌లో బడిపిల్లల చేత ఊరి పెద్దలను అడిగించి పాత అలవాట్లన్నీ నోటుపుస్తకాల్లో రాయించారు. ఆ పేజీలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, ఫోన్‌లోనే చదవొచ్చు. ఇక్కడి పల్లెల్లో ఒక పాత అలవాటు ఉండేది. పడుకునే ముందు పొయ్యి ఊడ్చి మంట ఆరకుండా చూడాలి. పొయ్యి చుట్టూ కుర్చీలు వెయ్యాలి. గిన్నెలో నీళ్లు పెట్టాలి. తలుపుకు గడియ పెట్టకుండా దగ్గరకు వేసి పడుకోవాలి. ఇంట్లో పోయినవాళ్లు వస్తారు, చలి కాచుకుని వెళ్తారు. కొన్నిచోట్ల ఇది 31 రాత్రి, కొన్నిచోట్ల నవంబరు 2 రాత్రి. ఈ రోజుల్లో తమను పేగన్లమని చెప్పుకునేవాళ్లు కూడా సౌవిన్ రాత్రి బల్ల మీద పోయినవాళ్ల ఫొటోలు పెట్టి, వాళ్లకూ ఒక కంచం వడ్డించి, ఎవరూ మాట్లాడకుండా భోంచేస్తారు.

దెయ్యాలంటే భయపడేవాళ్లు తలుపు తీసిపెట్టరు కదా. ఇది ఆలస్యంగా ఇంటికొచ్చే మనిషి కోసం చేసే పని.

ఆ పని నాకు తెలుసు. మా బాపు ఆర్టీసీ డ్రైవర్. నైట్ సర్వీసు దిగి ఏ రెండింటికో వచ్చేవాడు. అమ్మ అన్నం కంచం మీద మూత పెట్టి, చెంబుతో నీళ్లు పక్కన పెట్టి, తలుపు దగ్గరకు వేసి పడుకునేది. పొద్దున లేచి ఖాళీ కంచం చూస్తే బాపు వచ్చాడని నాకు అర్థమయ్యేది.

రెండేళ్ల క్రితం బాపు గుండెపోటుతో పోయాడు. నేను ఫ్లైట్ దిగి మా ఊరు చేరేసరికి అన్నీ అయిపోయాయి. మాకు పెత్రమాస నాడు పొద్దున పెద్దల పేరు మీద బియ్యం ఇస్తారు, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఆడతారు. బియ్యం ఇచ్చేది తమ్ముడు. మా ఇంట్లో ఆ పని కొడుకుదే. వీడియో కాల్‌లో అమ్మ డాబా మీద కాకికి పెట్టిన విస్తరి చూపించింది. "బిడ్డా, కాకి ఇంకా రాలే" అంది. మీటింగ్ టైమ్ అయిందని కాల్ పెట్టేశాను. తమ్ముడికి పని ఉంది, అమ్మకు వంట ఉంది. కూతురికి చెయ్యడానికి ఏమీ లేదు.

ఐరిష్ ఇళ్లలోని ఆ పద్ధతికి పంతులు అక్కర్లేదు, గోత్రం అక్కర్లేదు, కొడుకే కావాలన్న మాటా లేదు. ఊడ్చే చెయ్యి ఎవరిదైనా ఫరవాలేదు. సౌవిన్ మన పండగ అని నేను చెప్పట్లేదు. మన పెత్రమాసకూ దీనికీ చుట్టరికం ఉందని వాట్సాప్ యూనివర్సిటీ లెక్క చూపించే ఉద్దేశమూ లేదు. రెండూ పంట ఇంటికొచ్చే కాలానికి దగ్గర్లో, వెలుగు తగ్గే రోజుల్లో వస్తాయి. పోయినవాళ్లు ఎక్కడా అని వెతికేది ఆ రోజుల్లోనే కాబోలు.

అందుకే పోయినేడు అక్టోబరు 31న ఆఫీసు పార్టీ మానుకుని తొందరగా ఇంటికొచ్చాను. వంటగది ఊడ్చాను. అన్నం, పచ్చిపులుసు చేశాను. బాపుకు పచ్చిపులుసు ఉంటే ఇంకేం అక్కర్లేదు. కంచం పక్కన బార్మ్‌బ్రాక్ ముక్క కూడా పెట్టాను, ఇక్కడి తిండి రుచి చూస్తాడని. మూత పెట్టి, నీళ్లు పెట్టి, పెరటి తలుపు గడియ తీశాను. నాతో ఉండే ఇద్దరమ్మాయిలు ఏమీ అడగలేదు. ఒకామె తన గది నుంచి వాళ్ల అమ్మమ్మ ఫొటో తెచ్చి పక్కన పెట్టింది.

అప్పటికి ఇండియాలో రాత్రి పదిన్నర. అమ్మకు ఫోన్ చేసి మొత్తం చెప్పాను. నవ్వుతుందేమో, లేకపోతే అక్కడివాళ్ల పద్ధతులు మనకెందుకే అంటుందేమో అనుకున్నా. కాసేపు ఏం మాట్లాడలేదు.

తర్వాత అడిగింది. "తలుపు మొత్తం తెరిసినవా?"

"లేదమ్మా, దగ్గరకు వేసిన."

"మంచిగ జేసినవ్. మీ బాపుకు సలి పడది."