నాన్న జావాకు లోపలి పూత

పుట్టపర్తి ఎండకు ఇనుము తుప్పు పట్టదనుకుంటారు. కానీ నాన్న గుర్తుగా ఏళ్ల తరబడి వసారాలో నిలిపేసిన జావా ట్యాంకులోకి టార్చి వేసి చూస్తే తెలుస్తుంది... సగం ఖాళీ ట్యాంకులో రాత్రి చల్లదనానికి గాలిలోని చెమ్మే నీటి బొట్లవుతుంది. తుప్పు అక్కడే మొదలు.

మైసూరు ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. అసలు ట్యాంకు మళ్లీ దొరకడం కష్టం. అందుకే చాలామంది లోపల సీలెంట్ పూయిస్తారు. ఎంచుకునేటప్పుడు ముందు చూడాల్సింది ధర కాదు, ఇథనాల్‌ను తట్టుకుంటుందా లేదా అని. 2025లో మన పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. పాతరకం పూతలు కొన్ని దానికి మెత్తబడి, పొరలుగా ఊడి కార్బురేటర్‌కు అడ్డుపడతాయి.

జావా టూ స్ట్రోక్ బండి. పెట్రోలులో కలిపే ఆయిల్ జిడ్డు, తుప్పు పూర్తిగా వదిలించి, బాగా ఆరబెడితేనే ఏ పూతైనా అంటుకుంటుంది. ఆరబెట్టడానికి ఇక్కడి ఎండ వరమే! పెద్ద చిల్లులుంటే మాత్రం ముందే అతుకు వేయించాలి. పెట్రోలు ఆవిరి ఉన్న ట్యాంకుకు నిప్పు తగిలితే పేలుతుంది కాబట్టి, అది అనుభవమున్న మెకానిక్ పనే.

పూత గట్టిపడ్డాక వారానికోసారైనా చిత్రావతి దాకా తిప్పి తెస్తే, బండి మరో తరానికీ అందుతుంది.