మా నాన్నగారి తుపాకి

పిల్లలూ!

మీలో చాలామందికి తుపాకి అంటే సరదా. దీపావళి వస్తే చాలు, చిన్న తుపాకులు కొనిపించుకుని రీళ్ళు టపటపా పేలుస్తారు. ముప్ఫై అయిదేళ్ళు బళ్ళో పాఠాలు చెప్పి, హెడ్మాస్టరుగా రిటైరైన నేను కూడా ఈ మధ్య ఒక తుపాకి తయారుచేశాను. భయపడకండి, అది పేలదు. అది కొయ్య తుపాకి. కాని పొడవులోనూ, బరువులోనూ అసలు తుపాకికి ఏమీ తీసిపోదు. దాన్ని ఎందుకు చేశానో, ఎట్లా చేశానో మీకు చెబుతాను. మీ అమ్మానాన్నలు కూడా వినవచ్చు.

మా నాన్నగారు 1922లో గోదావరి జిల్లాలో ఒక పల్లెటూళ్ళో పుట్టారు. 1942లో, ఇరవయ్యో ఏట, పట్టాళంలో చేరారు. బెంగుళూరులో మద్రాసు సాపర్ల దగ్గర ఆయనకు శిక్షణ ఇచ్చారు. సాపర్లంటే ఎవరు? సైన్యం నడవటానికి రోడ్లు వేసేవాళ్ళు, ఏళ్ళ మీద వంతెనలు కట్టేవాళ్ళు, శత్రువు పాతిన మందుపాతరలు తీసేవాళ్ళు. ఈ దళం 1780లో పుట్టింది. చేసేది కూలిపని లాగే ఉంటుంది గాని, వాళ్ళూ సిపాయిలే. చేతిలో పార, భుజాన తుపాకి!

ఆ తుపాకి పేరు లీ-ఎన్‌ఫీల్డు. జేమ్స్ పారిస్ లీ అనే ఆయన దాని బోల్టు పద్ధతి కనిపెట్టాడు. ఎన్‌ఫీల్డు ఇంగ్లండులో తుపాకుల కర్మాగారం ఉన్న చోటు. మన దేశంలో కలకత్తా దగ్గర ఇషాపూరులో కూడా ఈ తుపాకులు తయారయ్యేవి. దీన్నే మన పెద్దవాళ్ళు "త్రీనాట్ త్రీ" అనేవారు. దాని గొట్టం బోలు వెడల్పు అంగుళంలో వెయ్యింట 303 వంతులు, అంటే 7.7 మిల్లీమీటర్లు. అందుకే ఆ పేరు వచ్చింది. ఇందులో పది తూటాలు పడతాయి. ఒక్కొక్కటి పేల్చినప్పుడల్లా బోల్టును చేత్తో వెనక్కు లాగి ముందుకు తొయ్యాలి. 1962లో చైనా యుద్ధం వచ్చినప్పుడు కూడా మన సిపాయిల చేతుల్లో ఉన్నది ఎక్కువగా ఇదే. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 జనవరిలో దీనికి వీడ్కోలు చెప్పారు.

ఇక తయారు చెయ్యటం సంగతి. నిజమైన తుపాకి చెయ్యటానికీ, ఇంట్లో ఉంచుకోవటానికీ 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి. నాకు పేలే తుపాకితో పనిలేదు. అంచేత బోలు అనేదే లేని తుపాకి చెయ్యాలనుకున్నాను.

నా దగ్గర ఉన్న ఆధారం ఒక్కటే, 1946లో తీసిన ఫోటో. అందులో నాన్నగారు టోపీ లేకుండా, తుపాకిని పక్కనే నిలువుగా నేలకు ఆనించి నిలబడి ఉన్నారు. నేను స్కేలు పెట్టి కొలిచాను. ఫోటోలో ఆయన ఎత్తు 11 సెంటీమీటర్లు, తుపాకి 7.4 సెంటీమీటర్లు. బూట్లతో కలిపి ఆయన ఎత్తు 168 సెంటీమీటర్లని నాకు తెలుసు. మీరే లెక్క కట్టండి. 168ని 7.4తో హెచ్చవేసి, 11తో భాగిస్తే 113 వస్తుంది. అసలు లీ-ఎన్‌ఫీల్డు పొడవు కూడా ఇంచుమించు 113 సెంటీమీటర్లే! నిష్పత్తుల లెక్కలు ఎందుకు పనికొస్తాయని అడిగే పిల్లలకు ఇదే నా జవాబు.

మా ఊరి వడ్రంగి టేకు దుంగ తెచ్చి, బాడిశతో చెక్కి, చిత్రిక పట్టాడు. మడమా, పిడీ నేను ఆకురాయితో గుండ్రం చేశాను. ఉప్పుకాగితంతో రుద్ది, అవిసెనూనె పట్టించాను. సిపాయిలు కూడా తమ తుపాకి కొయ్యకు అవిసెనూనే పట్టించేవారు. అంతా అయినాక తూచి చూస్తే కిలోన్నర వచ్చింది. అసలు తుపాకి బరువు దాదాపు 4 కిలోలు!

"బరువుతో ఏం పని, మాస్టారూ? చూడటానికేగా!" అన్నాడు వడ్రంగి.

"చూడటానికి కాదయ్యా, మొయ్యటానికి," అన్నాను.

తక్కువైన రెండున్నర కిలోలు ఎట్లా కలపాలి? ఘన సెంటీమీటరు ఇనుము దాదాపు 7.9 గ్రాములు తూగుతుంది. 64 సెంటీమీటర్ల పొడవూ, 2.5 సెంటీమీటర్ల మందమూ ఉన్న ఇనుప కడ్డీ తీసుకుంటే సరిగ్గా సరిపోతుంది. గొట్టం ఉండవలసిన చోట చెక్కను తొలిచి, ఆ కడ్డీని లోపల బిగించాం. చిల్లు లేని కడ్డీ గనక అది ఎన్నటికీ తుపాకి కాలేదు.

అసలు తుపాకి గొట్టం లోపల ఒక చిత్రం ఉంటుంది. గోడల మీద అయిదు గాళ్ళు మెలికలు తిరుగుతూ పోతాయి. ప్రతి 25 సెంటీమీటర్లకూ ఒక చుట్టు. గుండు ఈ గాళ్ళను పట్టుకుని గిరగిర తిరుగుతూ, సెకనుకు 740 మీటర్లకు పైగా వేగంతో బయటికి వస్తుంది. అంటే సెకనుకు దాదాపు 2,900 చుట్లు! తిరిగే బొంగరం పడిపోనట్టే, తిరిగే గుండు కూడా తలకిందులు కాకుండా సూటిగా పోతుంది. గుండు ముందుకు పోతే తుపాకి వెనక్కు తంతుంది. ఇది న్యూటన్ మూడో సూత్రం. గుండు బరువు 11 గ్రాములే, తుపాకి బరువు 4 కిలోలు. అందుకే గుండు అంత వేగంగానూ, తుపాకి ఇంత నెమ్మదిగానూ కదులుతాయి. ఆ నెమ్మది తన్నుకే నాన్నగారి కుడి భుజం నల్లగా కమిలిపోయేదట.

మా మనవరాలు తుపాకిని చూసి, "తాతయ్యా, దీనితో ముత్తాత ఎంతమందిని కాల్చాడు?" అని అడిగింది.

నేను కూడా చిన్నప్పుడు నాన్నగారిని ఇదే అడిగేవాణ్ణి. ఆయన ఎన్నడూ చెప్పలేదు. అడిగినప్పుడల్లా బర్మా రోడ్డు సంగతే చెప్పేవారు. వానాకాలంలో మోకాటి లోతు బురద, మలేరియా జ్వరాలు, జ్వరం రాకుండా మింగిన మాత్రలకు పసుపు పచ్చగా మారిన ఒళ్ళు. 1944 డిసెంబరులో చిండ్విను నది మీద, కలేవా దగ్గర, 1,100 అడుగులకు పైగా పొడవున తేలే బెయిలీ వంతెన కట్టారు. ఆ వంతెన ముక్కలు ఒక్కొక్కటి పది అడుగులు. ఆరుగురు మనుషులు కలిసి ఎత్తగలిగేట్టు చేశారు. నాన్నగారి దళం దాని మీదుగానే దాటింది. "పేల్చిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చురా. మోసిన రోజులకే లెక్క లేదు," అనేవారు.

ఆయన మౌనానికి ఇంకో కారణం కూడా ఉంది. అది మీకు దాచను. 1944లో జపాను సైన్యం ఇంఫాలు, కోహిమాల మీదికి వచ్చింది. సుభాస్ చంద్రబోసు గారి ఆజాద్ హింద్ ఫౌజు కూడా వారితో కలిసి వచ్చింది. అంటే ఎదుటి పక్కన కూడా మనవాళ్ళున్నారు! వాళ్ళు దేశ స్వాతంత్ర్యం కోసం వచ్చారు. ఇవతల నాన్నగారి వంటివాళ్ళు తెల్లదొరల పట్టాళంలో ఉన్నారు. యుద్ధం అయిపోయి ఊరికి వచ్చినాక, "నువ్వు ఎవరికోసం పోరాడావు?" అని రచ్చబండ దగ్గర అడిగినవాళ్ళున్నారు. ఆయన జవాబు చెప్పకుండా ఇంటికి వచ్చేసేవారు. అటు తరవాత ఆ ఫోటోను పెట్టె అడుగున పెట్టేశారు.

నేను దాని గురించి చాలా కాలం ఆలోచించాను. ఆ యుద్ధంలో మన దేశం నుంచి దాదాపు 25 లక్షల మంది పనిచేశారు. కొందరు ఇంట్లో తిండి లేక చేరారు, కొందరు చదువు లేక, కొందరు వంశాచారంగా. 1942లో జపానువాళ్ళు రంగూనును పట్టుకున్నప్పుడు, అక్కడి మన తెలుగు కూలీలు ఎందరో అడవుల వెంట నడిచి ఇండియాకు వచ్చారు. దారిలో చాలామంది చనిపోయారు. వాళ్ళు నడిచిన దారుల్లో తమూ దారి ఒకటి. రెండేళ్ళ తరవాత నాన్నగారు పారతో బాగుచేసినది ఆ దారే. ఫౌజులో చేరినవారిని మనం గౌరవిస్తాం. ఆ గౌరవం తగ్గకుండానే, ఈయన మోసిన బరువును కూడా గౌరవించవచ్చునని నాకు తోచింది. అందుకే ఈ తుపాకి.

మా మనవరాలికి ఇదంతా ఒక్కసారి చెప్పలేదు. తుపాకి చేతికిచ్చి, "భుజాన పెట్టుకుని వీధి చివరి దాకా వెళ్ళి రా, అమ్మా," అన్నాను. తిరిగి వచ్చేసరికి దాని ముఖం చెమట పట్టి ఉంది. "ముత్తాత ఎంత దూరం మోశాడు?" అని అడిగింది. నేను అట్లాసు తీసి, ఇంఫాలు నుంచి చిండ్విను దాకా గీత గీసి చూపించాను.

పిల్లలూ! మీ తాతముత్తాతలు అందరూ సిపాయిలు కాకపోవచ్చు. ఒకరు నాగలి మోసి ఉంటారు, ఒకరు మగ్గం ముందు కూచుని ఉంటారు, మీ అమ్మమ్మ బిందెలతో నీళ్ళు మోసి ఉంటుంది. ఆ వస్తువు ఏదో అడగండి. కొలవండి. తూచండి. వీలైతే కొయ్యతోనో, మట్టితోనో చెయ్యండి. వాళ్ళు బతికుండగానే అడిగితే మరీ మంచిది.