ఒకే యజమాని – రెండు తోటలు

మా అత్తిలి పిల్లలకు రంగులరాట్నము క్రొత్త కాదు. ఏటా షష్ఠి తీర్థమునకు ఊరిలో జెయింట్ వీలు లేస్తుంది. జీళ్ల కొట్లు, బొమ్మల కొట్లు వెలుస్తాయి. ఆ దీపాలు రాత్రివేళ చేల గట్ల మీదికి కూడా కనబడతాయి. మా సండేస్కూలు పిల్లలలో ఇంట్లో చెప్పి కొందరు, చెప్పక కొందరు ఆ వీలు చుట్టూ తిరిగి వచ్చినవారే. అందుచేత పట్నములలోని పెద్ద ఆటల పార్కులను టి.వి.లో చూచిన నాటినుండి, "అయ్యగారండీ, మమ్మల్ని ఎప్పుడు తీసుకెళ్తారండీ?" అని అడుగుట వారు మానలేదు. దేవుని కృపనుబట్టి 2019 వేసవిలో హైదరాబాదు వండర్‌లాకును, 2023 వేసవిలో బెంగళూరు వండర్‌లాకును మా యౌవనస్థులతో వెళ్లి రాగలిగాము. రెండును ఒకే కంపెనీవి. ఒక తల్లి బిడ్డలు. ఆ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడు మాకు తోచిన సంగతులను పాఠకులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మొదట అభ్యంతరము వచ్చింది. మా సంఘ పెద్ద ఒకాయన ఆరాధన అయిన తరువాత ఆగి, "అయ్యగారూ, పిల్లలను ప్రార్థనకు పోగుచేయాలి గాని జాతరకు పోగుచేస్తామా అండి?" అన్నారు. ఆయన మాటను త్రోసివేయలేదు. స్త్రీల సమాజమువారు పిడికెడు బియ్యము తీసి కూడబెట్టిన సొమ్ములోనుండి ఒక్క రూపాయి కూడా దీనికి వాడరాదని అందరము కూర్చుని తీర్మానించుకొన్నాము. అది విధవరాండ్రకు, రోగులకు చెందవలసిన సొమ్ము. మరి ఖర్చు ఎట్లు? దాళ్వా కోతలు అయిన తరువాత యౌవనస్థులు ధాన్యము ఎండబోయుట, బస్తాలకెత్తుట గుత్తకు తీసుకొన్నారు. స్తోమతుగల యిండ్లవారు పేర్లు వ్రాయకుండా కవరులలో పెట్టి ఇచ్చారు. వచ్చినదంతా ఒకే పెట్టెలో వేశాము. వెళ్తే అందరము వెళ్లుట, లేకపోతే ఎవరమూ వెళ్లకుండుట – ఇది మేము పెట్టుకొన్న ఒకే నియమము. రెండు ప్రయాణముల మధ్య నాలుగేండ్లు పట్టినది అందుకే. నడుమ కరోనా కూడా వచ్చింది గదా.

ఈ తోటలు ఎట్లు పుట్టాయి?

మన యిండ్లలో కరెంటు ఎక్కువ తక్కువలకు టి.వి., ఫ్రిజ్జి పాడవకుండా స్టెబిలైజరు పెట్టుకొంటాము. కేరళకు చెందిన కొచౌసెఫ్ చిట్టిలపిల్లి గారు 1977లో తండ్రి వద్ద లక్ష రూపాయలు అప్పు తీసుకొని, ఇద్దరు పనివారితో స్టెబిలైజర్లు తయారుచేయ మొదలుపెట్టారు. అదే వి-గార్డ్ కంపెనీ. ఆయనే 2000లో కొచ్చి దగ్గర పల్లిక్కరలో ఒక ఆటల పార్కును తెరచి, వీగాలాండ్ అని పేరు పెట్టారు. 2005లో బెంగళూరు దగ్గర రెండవది వండర్‌లా అను పేరుతో వచ్చింది. తరువాత కొచ్చిలోని దానికి కూడా అదే పేరు పెట్టారు. 2016 ఏప్రిల్‌లో హైదరాబాదు పార్కు, 2024లో భువనేశ్వర్ పార్కు, 2025 డిసెంబరులో చెన్నై పార్కు తెరిచారు.

పెద్దకూతురును పెంచినప్పుడు నేర్చుకొన్నది చిన్నకూతురు దగ్గర పనికివచ్చినట్లు, ఈ వ్యాపారములో కూడా జరుగుతుంది. అమెరికాలో వాల్ట్ డిస్నీ గారు 1955లో కాలిఫోర్నియాలో మొదటి డిస్నీల్యాండ్ తెరిచారు. కొద్దికాలములోనే దాని చుట్టూ ఇతరుల హోటళ్లు, దుకాణములు మూగి, పెరుగుటకు చోటు లేకపోయింది. అందుచేత ఫ్లోరిడాలో రెండవదానికి ముందుగానే సుమారు 27 వేల ఎకరములు కొన్నారు. అది తెరచినది 1971లో. అప్పటికి డిస్నీ గారు చనిపోయి దాదాపు ఐదేండ్లయింది. నాటినవాడు ఒకడు, నీడన కూర్చున్నవారు మరొకరు.

హైదరాబాదులో

తాడేపల్లిగూడెములో రాత్రి గౌతమి ఎక్కి తెల్లవారేసరికి సికిందరాబాదు చేరాము. అక్కడనుండి బస్సు మాట్లాడుకొని ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా రావిర్యాలకు వెళ్లాము. మన గోదావరి జిల్లా నేల అరచేయివలె చదును. కొల్లేటి వైపు వెళ్తే కనుచూపు మేర నీరు, చేపల చెరువులు. అట్టి చోట పుట్టిన పిల్లలకు దారిప్రక్కన ఒకదానిమీద ఒకటి పేర్చినట్లున్న ఆ బండరాళ్లే మొదటి వింత. "వీటిని ఎవరు పెట్టారండీ?" అని ఒక చిన్నది అడిగింది. "దేవుడే పెట్టాడమ్మా" అన్నాము. బస్సంతా నవ్వారు గాని మేము నవ్వులాటకు అనలేదు.

ఈ పార్కు సుమారు 50 ఎకరములు. అన్నియు దగ్గర దగ్గరగా ఉంటాయి గనుక ఒక పూటలో పిల్లలకు దారులు తెలిసిపోతాయి. పెద్దవారిని నీడలో ఒకచోట కూర్చోబెట్టి, "గంటకొకసారి వచ్చి కనబడండి" అంటే సరిపోయింది. ఎండ మండుతున్న మే నెల గనుక మా వాళ్లలో చాలామంది అలల కొలనులోనే గడిపారు. సముద్రమును పేరుపాలెములో చూచినవారికి కూడా, గంట కొట్టగానే అలలు లేచి, మరల కొట్టగానే అణగిపోయే సముద్రము వింతే.

బెంగళూరులో

రెండవసారి తాడేపల్లిగూడెములోనే శేషాద్రి ఎక్కాము. బెంగళూరు పార్కు మైసూరు రోడ్డులో బిడది దగ్గర 82 ఎకరములలో ఉన్నది. బిడది తట్టె ఇడ్లీకి పేరు. పళ్లెమంత ఇడ్లీ ఒక్కటి పెడితే, "ఇది మన నాలుగింటికి సమానమండి" అని మా కుర్రవాళ్లు లెక్కకట్టి మరీ తిన్నారు.

ఇక్కడ చెట్లు ఎదిగి యున్నవి. నడక ఎక్కువ, మోకాళ్ల నొప్పులున్న మా తల్లులు రెండుచోట్ల కూర్చుని లేచారు. ఒక ఎత్తైన కట్టడము పైన జెయింట్ వీలు బిగించారు. దానిపైనుండి చుట్టుప్రక్కల గుట్టలు, పచ్చదనము చాల దూరము కనబడతాయి. హైదరాబాదులో పిల్లలు చల్లని నీటికోసము పరుగెత్తితే, ఇక్కడ సాయంకాలము వీచిన చల్లగాలికి వాన డిస్కోలోని గోరువెచ్చని నీటి క్రిందికి చేరారు. ఒకే యజమాని అయినా, ఎండవేడిమి గల చోట ఒకటి ముఖ్యము, చలి గల చోట మరొకటి ముఖ్యము. కొచ్చిలోని పార్కు గుట్టమీద కట్టినది గనుక అక్కడ వాన నీరు పట్టి వాడుకొనే ఏర్పాటు చేసుకొన్నారు. నేలనుబట్టి తోట.

తిరుగు రైలులో వాదము మొదలయింది. "బెంగళూరుదే పెద్దదిరా, హైదరాబాదుది దాని ముందు ఎంత!" అని కొందరు. "నడవలేక చచ్చాము. హైదరాబాదులో రెండింతల ఆటలు ఆడాము" అని మరికొందరు. రీకాయిల్ అనే, వెనుకకు కూడా పరుగెత్తే ఆ రోలర్ కోస్టరు రెండుచోట్లను ఉన్నది. దానిలో ఎక్కడ ఎక్కువ భయము వేసిందో తేలకుండానే విజయవాడ వచ్చింది.

మార్పు లేని రెండు సంగతులు

ఇన్ని భేదములున్నా, రెండు సంగతులు మాత్రము రెండు తోటలలోను ఒకేరీతిగా కనబడ్డాయి. మొదటిది కొలబద్ద. పెద్ద పెద్ద ఆటల దగ్గర ఒక గీత ఉంటుంది. ఆ గీతకు తల అందనివారిని ఎక్కనివ్వరు. వయస్సు అడుగరు, కులము అడుగరు, ఏ ఊరని అడుగరు. మా పిల్లలలో ఇద్దరు ఆగిపోయి ముఖాలు చిన్నబుచ్చుకొన్నారు. వారి వెనుకనే ఖరీదైన బట్టలు వేసుకొన్న ఒక బాబు వచ్చాడు. అతనిని కూడా అంతే మర్యాదగా ప్రక్కకు పంపారు. అప్పుడు మా వాళ్ల ముఖాలు కొంచెము తేరుకొన్నాయి! అది శిక్ష కాదు, ప్రాణము కాపాడే నియమము. కూర్చున్న ప్రతివాని కడ్డీని పనివాడు చేత్తో లాగి చూచిన తరువాతనే బండి కదిలేది. "జక్కయ్య వచ్చినా ఇక్కడ ఎక్కనివ్వరమ్మా" అని ఆ ఇద్దరితో అన్నాము. మనుష్యులు ఎత్తును చూచే చోట ప్రభువు చెట్టుమీదికి చూచి పేరుపెట్టి పిలిచాడు గదా. సమూయేలు ప్రవక్త కూడా ఏలీయాబు ఎత్తును చూచి ఇతడే అనుకొంటే, గొఱ్ఱెలు కాచుకొంటున్న కడగొట్టువానిని పిలిపించాడు దేవుడు.

రెండవది వరుస. మామూలు టిక్కెట్టు వారికి ఒక వరుస, ఎక్కువ రుసుము చెల్లించి ఫాస్ట్‌ట్రాక్ తీసుకొన్నవారికి వేరొక వరుస. మా సండేస్కూలు పిల్ల ఒకతె, "వాళ్లు మనకంటే వెనక వచ్చారు గదండీ, ముందు ఎలా వెళ్తున్నారండీ?" అన్నది. "వాళ్లు సమయమును కొనుక్కొన్నారమ్మా" అన్నాము. వ్యాపారములో అది తప్పు కాదు. రైలులో ఏ.సి. పెట్టె, మామూలు పెట్టె లేవా? దాపరికము లేకుండా బోర్డు పెట్టి అమ్ముతున్నారు. కాని ఆ పిల్ల ప్రశ్న మమ్మును పార్కులో కంటె ఎక్కువగా ఊరు చేరిన తరువాత పట్టుకొన్నది.

మన సంఘములలో ఎన్ని వరుసలు ఉన్నవి? బోర్డు పెట్టము గాని, ఒకరికి ముందు వరుసలో కుర్చీ, ఒకరికి గోడవారగా చాప లేదా? బియ్యపు మిల్లు యజమాని గృహప్రవేశమునకు ప్రార్థన అంటే ఆ రోజే. పేటలో జ్వరముతో పడియున్న ముసలమ్మకు ప్రార్థన అంటే వచ్చే బుధవారము – ఇట్లు జరుగుట లేదా? యాకోబు తన పత్రిక రెండవ అధ్యాయములో బంగారు ఉంగరము పెట్టుకొన్నవానిని గూర్చియు, మాసిన బట్టల దరిద్రుని గూర్చియు వ్రాసినది ఎవరికి? ఆటల పార్కువారికి కాదు, మనకే.

ఇంకొక మాట చెప్పవలెను. రెండు వరుసల టిక్కెట్టు అమ్మే ఈ కంపెనీని స్థాపించిన చిట్టిలపిల్లి గారు 2011లో తన మూత్రపిండములలో ఒకదానిని ఒక లారీ డ్రైవరుకు ఉచితముగా ఇచ్చారు. అతడు ఆయనకు చుట్టము కాడు. అంతకు ముందు 2009లో కేరళలో డేవిస్ చిరమేల్ అను కతోలిక గురువు తన మూత్రపిండమును ఒక హిందూ ఎలక్ట్రీషియనుకు దానము చేశారు. చిట్టిలపిల్లి గారికి ప్రేరణ అక్కడిది. ఆ లారీ డ్రైవరు భార్య తన మూత్రపిండమును వేరొక రోగికి ఇచ్చి, ఆ గొలుసును ముందుకు నడిపింది. ప్రాణము నిలుపు ఆ వరుసలో ధనవంతుడు లారీ డ్రైవరుకు దారి ఇచ్చాడు. ఇది మా పిల్లలకు రెండు పార్కులకంటె ఎక్కువ గుర్తుండాలని రైలులోనే చెప్పాము. వాదము ఆపి విన్నారు.

ఇప్పుడు ఏది గొప్ప అను ప్రశ్నకు వస్తాము. మన మండలములోనే చూడండి. తాడేపల్లిగూడెములో ఒక సంఘమునకు రెండంతస్తుల మందిరము, మైకులు, కీబోర్డు ఉండవచ్చును. కొల్లేటి లంకలో దాని సహోదరి సంఘమునకు రేకుల పాక, ఒక కంజీర మాత్రమే. చుట్టూ నీరే గాని త్రాగునీరు బిందెలతో కొనుక్కొనే ఊరు అది. "వారిదే సంఘము, మాదేమున్నది?" అని లంకవారు కృంగినా, "మాది పెద్దది" అని పట్నమువారు పొంగినా, రైలులో మా కుర్రవాళ్ల వాదము వంటిదే. ప్రకటన గ్రంథములో ప్రభువు ఏడు సంఘములకు ఏడు వేరువేరు ఉత్తరములు వ్రాయించాడు. స్ముర్న బీదదని తగ్గించలేదు, లవొదికయ ధనము గలదని మెచ్చలేదు. ఒక సంఘమును ఇంకొకదానివలె ఉండుమని ఆజ్ఞాపించలేదు. ఏ నేలలో ఉన్నదానిని ఆ నేలలోనే నమ్మకముగా ఉండుమన్నాడు. ఇంటిలో ఇద్దరు బిడ్డలను పోల్చి ఒకరిని చిన్నబుచ్చే తల్లిదండ్రులు కూడా దీనిని ఆలోచించాలి.

నేలనుబట్టి తోట మారవచ్చును, కొలబద్ద మారకూడదు. కొలబద్ద అందరికి ఒకటైనప్పుడు వరుస కూడా ఒకటే కావాలి. మా సంఘ పెద్దగారు పిల్లలు చెప్పినదంతా విని, "సరేలెండి అయ్యగారూ, ఈసారి భువనేశ్వర్ అంటారేమో, నా కవరు కూడా వేసుకోండి" అన్నారు. వేసుకొన్నాము, పేరు వ్రాయలేదు. ప్రభువు చిత్తమైతే వచ్చే దాళ్వా తరువాత చూడాలి. ఈలోగా పేటలోని ముసలమ్మను చూడ వెళ్లు దినమును బుధవారమునుండి ఆదివారమునకు, ఆరాధన ముగిసిన వెంటనే, మార్చుకొన్నాము. కొలబద్ద దగ్గర ఆగిపోయిన ఆ ఇద్దరు పిల్లలే మాతో కూడ వస్తున్నారు.